మనిషికి మూడు డబ్బాలు

2022 ఫిబ్రవరి 18, శుక్రవారం. ప్లేనో, టెక్సాస్

పొద్దున్నే టీవీలో పాలపొడి వార్త. మిషిగన్‌లో స్టర్గిస్ అని ఒక చిన్న ఊరు. అక్కడి అబాట్ కంపెనీ ఫ్యాక్టరీలో తయారైన సిమిలాక్, అలిమెంటమ్, ఎలికేర్ పొడి డబ్బాలను వెనక్కి తీసుకుంటున్నట్టు నిన్న ప్రకటించారు. మిన్నెసోటా, ఒహైయో, టెక్సాస్ రాష్ట్రాల నుంచి ఫిర్యాదులు వచ్చాయట, నలుగురు పసివాళ్ళు ఆస్పత్రిలో చేరారని. క్రోనోబ్యాక్టర్ అనే క్రిమి పేరు చెబుతున్నారు. ఎండు పొడిలో కూడా బతికే రకం. డబ్బా అడుగున అంకెలు చూసుకోమంటున్నారు. మొదటి రెండంకెలు 22 నుంచి 37 లోపు ఉండి, పక్కన కె8 గానీ ఎస్‌హెచ్ గానీ జడ్2 గానీ ఉండి, గడువు ఏప్రిల్ 1 గానీ ఆ తర్వాత గానీ అయితే వాడొద్దట.

మా మనవరాలికి పట్టేది వేరే కంపెనీ డబ్బా. అయినా అల్లుడికి మనసాగలేదు. అలమరలో ఉన్నవన్నీ దించి, ఒక్కొక్కటీ బోర్లించి, ఫోన్ లైటు వేసి చదివాడు. "మనది కాదు అత్తమ్మా" అని మళ్ళీ సర్దాడు.

పొడిపాలలో క్రిములు అసలే ఉండవనుకోవద్దని ఉద్యోగంలో చేరిన కొత్తలోనే మాకు శిక్షణలో చెప్పారు. అందుకే కాచిన నీళ్ళ వేడి 70 డిగ్రీలకు తగ్గకముందే పొడి కలిపి, ఆ తర్వాత చల్లార్చి పట్టమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఇక్కడ చాలామంది కుళాయి నీళ్ళలోనే కలిపేస్తారు. మా బిడ్డ కూడా అదే చేస్తుంటే నేను వచ్చిన రోజే కెటిల్ నా చేతిలోకి తీసుకున్నాను.

మార్చి 14, సోమవారం

పాపకు రెండు నెలలు నిండాయి. ఒళ్ళంతా దద్దు. పాలు తాగగానే కాళ్ళు ముడుచుకుని ఏడుపు. కొన్నాళ్ళుగా డైపర్‌లో సన్నటి నెత్తుటి చారలు. పిల్లల డాక్టర్ చూసి, ఆవుపాల ప్రొటీన్ పడటం లేదని తేల్చింది. మామూలు డబ్బాపాలు ఆపేయాలి. ప్రొటీన్‌ను ముందే విడగొట్టి చేసే పొడి వేరే ఉంటుంది, అది పట్టాలి.

తల్లిపాలు లేవా అని అడిగేవాళ్ళకు ఫోన్‌లో చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టింది. ఇక్కడ రాసిపెట్టుకుంటే నాకైనా మనసు కుదుటపడుతుంది. కాన్పులో నెత్తురు చాలా పోయింది. బిడ్డ ఐసీయూలో ఉంది. పాలు పడలేదు. వెల్లుల్లి కారం పెట్టాం, మెంతులు పెట్టాం, పచ్చి బొప్పాయి కూర పెట్టాం. ఇక్కడి నర్సు వచ్చి పంపు పెట్టించింది. రోజంతా తీస్తే వచ్చేది రెండు మూడు ఔన్సులు. ఆ రెండు మూడు ఔన్సుల కోసం ఇప్పుడు బిడ్డ పెరుగు, నెయ్యి కూడా మానేయాలి. ఐసీడీఎస్ సూపర్‌వైజర్‌గా నల్లగొండ జిల్లాలో జీవితమంతా బాలింతల చుట్టూ తిరిగినదాన్ని. ముర్రుపాలు పారబోస్తుంటే అత్తలతో తగవు పడి పట్టించినదాన్ని. పాలు రప్పించడానికి ఏమేం చేయాలో నాకు ఇంకొకరు చెప్పక్కర్లేదు. చేశాం. రాలేదు.

డాక్టర్ తన బీరువాలోంచి రెండు శాంపిల్ డబ్బాలు తీసి ఇచ్చింది. మన దేశంలో 1992 నాటి చట్టం ప్రకారం పాలడబ్బాలకు ప్రకటనలు ఇవ్వడం, తల్లులకు శాంపిళ్ళు పంచడం నేరం. ఆ చట్టాన్ని సెక్టార్ మీటింగుల్లో అంగన్‌వాడీ టీచర్లందరికీ చదివి వినిపించేదాన్ని. ఆ రెండు డబ్బాలను మాత్రం ఇవాళ రెండు చేతులా అందుకున్నాను. చట్టం మంచిదే. ఇప్పటికీ అదే అంటాను. ఈ పాప అవసరం వేరు.

కొత్త పొడి మూత తీయగానే ఘాటైన వాసన, పాల వాసనే లేదు. నాలుక మీద వేసుకుని చూశాను, చేదు. పాప మొదటి సీసా ఊసేసింది. రెండోదీ ఊసేసింది. రాత్రి రెండింటికి ఆకలికి తాళలేక తాగింది.

ఈ రకం పొడి చేసే కంపెనీలే తక్కువ. వెనక్కి తీసుకున్నవాటిలో అలిమెంటమ్, ఎలికేర్ ఇలాంటి పిల్లలకోసం చేసేవే. అవి వాడే పిల్లలంతా ఇప్పుడు మిగతా డబ్బాల కోసం వరస కట్టారు. మా పాప సరిగ్గా ఇప్పుడే ఆ వరసలో చేరింది.

ఏప్రిల్ 2, శనివారం. శుభకృత్ ఉగాది

ఇండియన్ స్టోర్‌లో మామిడికాయ దొరికింది. వేపపువ్వు మాత్రం ఎవరో దాచుకున్న ఎండుపువ్వు, చిటికెడు ఇచ్చారు. పచ్చడి అయిందనిపించాం.

హన్మకొండ నుంచి చెల్లె వీడియో కాల్ చేసింది. "లాక్టోజెన్ పంపాలా అక్కా, నాన్ ప్రో పంపాలా? ఇక్కడ ఏ మందుల షాపులో అడిగినా దొరుకుతది" అంది. అవి ఆవుపాలతో చేసినవే, పాపకు పడవన్నాను. మరి మేకపాలు? అవీ పడవు. వెనక నుంచి మరిది గొంతు: "గాడిదపాలు?" ఇన్నాళ్ళకు ఇంట్లో అందరం నవ్వాం.

ఏప్రిల్ 20, బుధవారం

షాపులో పాలపొడి అలమర ముందు నిలబడితే వెనక రేకు కనిపిస్తోంది. ధరల చీటీలు మాత్రం వరసగా అంటించి ఉన్నాయి. ఏడాది దాటిన పిల్లలు తాగే పొడి డబ్బాలు ఒక మూల కొన్ని ఉన్నాయి, పసివాళ్ళవి లేవు. ఒక అరకు కాగితం అంటించారు: మనిషికి మూడు డబ్బాలు మాత్రమే. ఒక్కటి కూడా లేనిచోట మూడు దాటొద్దని ఎవరికి చెబుతున్నారో!

మా పాప డబ్బా 12.6 ఔన్సులది, ధర 40 డాలర్ల పైమాట. కలిపితే సుమారు 87 ఔన్సుల పాలవుతాయి. పాప రోజుకు 28 ఔన్సుల దాకా తాగుతుంది. అంటే డబ్బాకు మూడు రోజులు. నెలకు పది డబ్బాలు. అల్లుడు ఈ లెక్క ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించాడు. ఉన్న డబ్బాల పక్కన తేదీ వేసి, అయిపోగానే కొట్టేస్తున్నాడు.

ఏప్రిల్ 30, శనివారం

అల్లుడు పొద్దున్నే ఉత్తరానికి కారు తీస్తాడు. మెకిన్నీ, షెర్మన్, డెనిసన్, ఆ తర్వాత నది దాటి ఓక్లహోమాలో డ్యురాంట్. డాలస్ చుట్టుపక్కల పసిపిల్లలున్న కుర్ర సంసారాలు ఎక్కువ, అందుకే ముందు ఇక్కడే ఖాళీ అవుతోంది. చిన్న ఊళ్ళలో ఒకటో రెండో మిగులుతాయి. మందుల షాపుల్లో అయితే అలమర చూడకుండా నేరుగా కౌంటర్‌కు వెళ్ళి అడగాలని నేర్చుకున్నాడు. డాక్టర్ చీటీ ఉన్న పిల్లలకోసం వెనక గదిలో దాచి ఉంచుతున్నారు.

న్యూజెర్సీలో ఎడిసన్‌లో ఉండే వాళ్ళక్క ఆఫీసు నుంచి ఇంటికి వస్తూ దారిలో షాపులన్నీ చూస్తోంది. దొరికితే పార్సెల్ చేస్తోంది. వాట్సాప్ గ్రూపులో బతుకమ్మ చీరల ఫోటోలు, అద్దె గదుల ప్రకటనలు పోయి, అన్నీ డబ్బాల ఫోటోలే. "ఫ్రిస్కోలో రెండున్నాయి, ఎవరికి కావాలి?" అని ఒకరు పెడితే నిమిషంలో పది చేతులు లేస్తాయి.

మే 8, ఆదివారం

ఇక్కడ ఇవాళ మదర్స్ డే. బిడ్డకు అల్లుడు పూలు తెచ్చాడు. పూలు చూసి, "దీనికి బదులు డబ్బా దొరికితే బాగుండు" అంది. తనేం వెటకారంగా అనలేదు.

మే 11, బుధవారం

దేశం మొత్తం మీద 43 శాతం పాలడబ్బాల రకాలు షాపుల్లో లేవని లెక్క తేల్చారట.

షాపులో మా ముందు ఒక మెక్సికన్ అమ్మాయి, బండిలో పిల్లవాడు. ఎక్కడ సంపాదించిందో ఒక డబ్బా చేతిలో ఉంది. కార్డు గీకింది. యంత్రం ఒప్పుకోలేదు. కౌంటర్‌లో ఉన్నతను కార్డు చూసి, డబ్బా చూసి తల అడ్డంగా ఊపాడు. ఏమైందో మాకు అర్థమయ్యేలోపే ఆమె డబ్బా అక్కడే పెట్టి వెళ్ళిపోయింది. అది విక్ కార్డు అని అల్లుడు తర్వాత చెప్పాడు. ఆ కార్డు మీద రాసిన కంపెనీ, రాసిన సైజు డబ్బాకే ప్రభుత్వం డబ్బు కడుతుంది. ఆమె చేతిలోది ఇంకో సైజు.

విక్ అంటే పేద తల్లులకు, పసిపిల్లలకు ఇక్కడి ప్రభుత్వం పెట్టిన పోషకాహార పథకం. మా ఐసీడీఎస్ 1975 అక్టోబరు 2న మొదలైంది. వాళ్ళ విక్ శాశ్వత పథకమైంది కూడా ఆ ఏడాదే. ఈ ఈడుజోడు సంగతి ఉద్యోగంలో ఉండగా తెలియలేదు. అమెరికాలో అమ్ముడయ్యే పసిపిల్లల పాలపొడిలో దాదాపు సగం ఈ పథకం కిందే పోతుంది. ఒక్కో రాష్ట్రం ఒక్కో కంపెనీతో ఒప్పందం చేసుకుని ఆ కంపెనీదే ఇస్తుంది. కంపెనీ పెద్ద రాయితీ ఇస్తుంది కాబట్టి ప్రభుత్వానికి లాభం. ఆ కంపెనీ ఫ్యాక్టరీ మూతపడితే ఆ రాష్ట్రంలో పేద పిల్లలకు ముందు ఖాళీ. ఇప్పుడు కొన్ని రాష్ట్రాల్లో వేరే కంపెనీవి, వేరే సైజువి కూడా ఒప్పుకుంటున్నారట. ఇవాళ్టి అమ్మాయికి ఆ సంగతి యంత్రం చెప్పలేదు.

మే 13, శుక్రవారం

టీవీలో ఒకటే చర్చ. పేరున్న ఒక గాయని, తల్లిపాలు ఇవ్వొచ్చు కదా, డబ్బులేం కట్టక్కర్లేదు కదా అన్న అర్థంలో రాసిందట. దాని మీద అందరూ అందరినీ తిట్టుకుంటున్నారు.

నాకు ఒళ్ళు మండింది. ఏటా ఆగస్టు 1 నుంచి 7 దాకా తల్లిపాల వారోత్సవాలు జరిపి, ఊరేగింపులు తీసి, గోడల మీద రాయించినదాన్ని. అందుకే మండింది. తల్లిపాల ప్రచారం చేయాల్సింది కడుపుతో ఉన్నప్పుడు, కాన్పు గదిలో, మొదటి గంటలో. నాలుగో నెలలో, పాలు ఎండిపోయిన తల్లిని ఖాళీ అలమర ముందు నిలబెట్టి చేసేది ప్రచారం కాదు. అది నింద. పైగా ఈ దేశంలో జీతంతో ప్రసూతి సెలవు ఇమ్మనే జాతీయ చట్టం లేదు. ఉన్నది 12 వారాల సెలవు, అదీ జీతం లేకుండా, అదీ అందరికీ కాదు. మన దగ్గర కాగితం మీదైనా 26 వారాలు ఉంది. సెలవు ఇవ్వరు, పాలు మాత్రం ఇవ్వమంటారు.

ఫోర్ట్‌వర్త్‌లో తల్లిపాల బ్యాంకు ఉంది, మన హైదరాబాద్ నీలోఫర్ ఆస్పత్రిలో ధాత్రి ఉన్నట్టే. అక్కడి పాలు ముందు నెలలు నిండని పిల్లలకు పోతాయి. పోవాలి కూడా. మా పాప వంతు అడగడానికి నాకు నోరు రాదు.

1960ల నాటి చిట్కా ఒకటి మళ్ళీ తిరుగుతోంది. డబ్బాలో వచ్చే చిక్కటి పాలు, మొక్కజొన్న పానకం, నీళ్ళు. డాక్టర్లు వద్దని మొత్తుకుంటున్నారు. ప్రతి దేశంలోనూ మా కాలంలో ఇదే పట్టాం, చచ్చారా అనే ముసలమ్మలు ఉంటారన్నమాట. చచ్చినవాళ్ళను ఎవరూ లెక్కలో కలపరు.

మే 15, ఆదివారం

నిన్న సాయంత్రం బిడ్డ స్నేహితురాలు వచ్చింది. గుంటూరు పిల్ల. వాళ్ళ బాబుకు ఐదో నెల. మాట్లాడుతూనే సంచిలోంచి సీసా తీసి పాలు కలిపింది. నీళ్ళు ఆరు ఔన్సులు పోసింది. పొడి రెండు చెంచాలు వేసింది, రెండోది కూడా వెలితిగా. మూడు నిండు చెంచాలు పడాలి. నేను చూస్తున్నానని ఆమె చూసింది.

"వచ్చే శనివారం దాకా రావాలి ఆంటీ" అంది.

దేవరకొండ వైపు ఒక తండా గుర్తొచ్చింది. అప్పటికి నాకు ఉద్యోగం కొత్త. ఆ తల్లికి కవలలు, ఇద్దరూ మగపిల్లలే. ఇద్దరికీ తన పాలు చాలవని ఎవరో చెబితే, పత్తి ఏరిన కూలి పెట్టి డబ్బా కొన్నది. ఇంకో డబ్బాకు డబ్బుల్లేవు. వారం కూడా రాని డబ్బాను ఇరవై రోజులు లాగింది. సీసాలో నీళ్ళు తెల్లగా ఉన్నాయి కాబట్టి పాలే అనుకున్నది. నేను వెళ్ళేసరికి పిల్లల పిర్రల మీద చర్మం ముసలివాళ్ళ మెడ మీది తోలులా వేలాడుతోంది. సాల్టర్ తక్కెడ దూలానికి కట్టి జోలెలో వేస్తే, జోలె బరువుకు కదిలినంతే కదిలింది ముల్లు. నల్లగొండ పెద్దాస్పత్రికి పంపించాం. ఆ తర్వాత మా సెంటర్‌కు ఒక్కడే వచ్చాడు.

అప్పుడు మేం పేదరికం అని రాశాం, నిరక్షరాస్యత అని రాశాం. రిపోర్టులో ఆ రెండు గళ్ళే ఉండేవి. ఈ గుంటూరు పిల్ల ఎంఎస్ చదివింది. నెల జీతం నా ఏడాది పెన్షన్ కంటే ఎక్కువ. డబ్బా అయిపోవస్తుంటే ఆ తండా తల్లి చేయీ, ఈ పిల్ల చేయీ ఒకే చోట తగ్గాయి.

తిట్టలేదు. కూర్చోబెట్టి చెప్పాను. నీళ్ళు ఎక్కువైతే కడుపు నిండుతుంది, పిల్లవాడు ఏడవడు, తల్లికి తేడా తెలియదు. లోపల నెత్తుటిలో ఉప్పు పలచబడుతుంది. ఎక్కువైతే ఫిట్స్ వస్తాయి. అంతగా కాకపోయినా బరువు పెరగడం ఆగిపోతుంది. ఆ అమ్మాయి ఏడ్చింది. బిడ్డ లేచి అలమర పైఅరలోంచి పాత డబ్బాలు దించింది. పాప ఆవుపాల పొడి మానేసినప్పుడు సీల్ తీయకుండా మిగిలినవి. మార్పిడికి పనికొస్తాయని అల్లుడు దాచాడు. గడువు చూసి అవి ఇచ్చేశాం.

ఇచ్చే ముందు నా ఎదురుగా ఒక సీసా మళ్ళీ కలపమన్నాను. ముందు నీళ్ళు, గీత కంటి ఎత్తుకు పెట్టి చూడాలి. తర్వాత పొడి. చెంచా పొడిలో గుచ్చి అదమకూడదు. వదులుగా నిండా తీసి, డబ్బా అంచున ఉన్న పట్టీకి గీసి సమం చేయాలి. గీసినప్పుడు రాలిన పొడిని ఆ పిల్ల వేలితో తోసి మళ్ళీ డబ్బాలో వేసింది.

మే 19, గురువారం

అధ్యక్షుడు బైడెన్ నిన్న 1950 నాటి రక్షణ ఉత్పత్తుల చట్టాన్ని బయటికి తీశాడు. కొరియా యుద్ధం నాడు చేసిన చట్టం. దాని కింద ముడిసరుకు ముందు పాలపొడి కంపెనీలకే ఇవ్వాలి. విదేశాల నుంచి విమానాల్లో డబ్బాలు తెప్పిస్తారట. ఆపరేషన్ ఫ్లై ఫార్ములా అని పేరు పెట్టారు. సోమవారం అబాట్‌కూ ఇక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏకూ మధ్య ఒప్పందం కుదిరింది, ఫలానా పనులు చేస్తే మూతపడిన స్టర్గిస్ ఫ్యాక్టరీ తెరవొచ్చని. ఆ ఫ్యాక్టరీ మీద మాజీ ఉద్యోగి ఒకరు 2021 అక్టోబరులోనే ఎఫ్‌డీఏకు ఫిర్యాదు పంపారు. పై అధికారులకు అది ఫిబ్రవరి దాకా చేరలేదు. ఆఫీసు ఎక్కడైనా ఆఫీసే.

రాత్రి అల్లుడు వివరంగా చెప్పాడు. ఈ దేశంలో పసిపిల్లల పాలపొడి 98 శాతం ఇక్కడే తయారవుతుంది. నాలుగు కంపెనీలదే 90 శాతం వ్యాపారం, అందులో అబాట్‌దే 40 శాతం. బయటి నుంచి తెస్తే 17.5 శాతం దాకా సుంకం, దానిపైన లేబుళ్ళు, పరీక్షల నియమాలు. యూరప్‌లో పిల్లలు నిక్షేపంగా తాగే పొడి ఇక్కడి అలమరకు రాదు. అలా గోడ కట్టుకున్నాక లోపల ఒక్క ఫ్యాక్టరీ ఆగితే చాలు.

మా అంగన్‌వాడీల బాలామృతం కూడా తెలంగాణ రాష్ట్రమంతటికీ నాచారం ఫ్యాక్టరీ నుంచే వస్తుంది. ఏడో నెల నుంచి మూడేళ్ళ దాకా పిల్లలకు నెలకు రెండున్నర కిలోల ప్యాకెట్. ఇన్నేళ్ళూ ఆ ప్యాకెట్ల లెక్క రాశాను గానీ, అది ఒక్కచోటే తయారవడం గురించి ఎప్పుడూ భయపడలేదు. ఇప్పుడు భయంగానే ఉంది.

మే 21, శనివారం

విక్ నియమాలు సడలించే చట్టం మీద బైడెన్ సంతకం పెట్టాడు. ఇలాంటి అత్యవసరంలో ఏ కంపెనీదైనా కార్డు మీద కొనుక్కోవచ్చు. ఆ మెక్సికన్ అమ్మాయికి ఈ సంగతి తెలియాలి.

తేదీ చూసి ఇంకో సంగతి గుర్తొచ్చింది. 1981లో సరిగ్గా ఇదే మే 21న, తల్లిపాలకు పోటీగా డబ్బాపాలను ప్రచారం చేయకూడదని జెనీవాలో ప్రపంచ ఆరోగ్య సభ నియమావళి చేసింది. అనుకూలంగా 118 ఓట్లు. వ్యతిరేకంగా ఒకే ఒక్కటి. అది అమెరికాది. ఈ ప్రశ్న మాకు శిక్షణలో పరీక్షకు కూడా వచ్చేది.

మే 23, సోమవారం

నిన్న మొదటి విమానం దిగింది. జర్మనీలోని రామ్‌స్టైన్ నుంచి ఇండియానాపొలిస్‌కు, సైనిక విమానం. 78,000 పౌన్ల పాలపొడి, అంటే 35 టన్నులు. అన్నీ మా పాపలాగా ఆవుపాల ప్రొటీన్ పడని పిల్లలకోసమే. టీవీలో చూస్తూ బిడ్డ పాపను ఎత్తి, "నీ డబ్బా విమానంలో వచ్చిందే" అని చూపించింది. ఆ సరుకు షాపులకు రాదు, ముందు ఆస్పత్రులకు, డాక్టర్లకు. అదే సరైంది. మెంఫిస్‌లో ఇద్దరు పిల్లలు తాము వాడే పొడి దొరక్క ఆస్పత్రిలో చేరారని మొన్ననే విన్నాం.

మే 25, బుధవారం

ఇవాళ టీవీలో పాల మాట లేదు. ఈ రాష్ట్రంలోనే ఉవాల్డే అనే ఊళ్ళో, బడిలో 19 మంది పిల్లల్ని, ఇద్దరు టీచర్లను కాల్చి చంపారు. ఏమీ రాయబుద్ధి కావడం లేదు.

జూన్ 5, ఆదివారం

స్టర్గిస్ ఫ్యాక్టరీ నిన్న తెరిచారు. ముందు ఎలికేర్ చేస్తారట. షాపులకు రావడానికి ఇంకో మూడు వారాలు. షాపుల్లో లేని రకాల లెక్క మాత్రం దేశం మొత్తం మీద మే నెలాఖరుకు 70 శాతం దాటింది. ఫ్యాక్టరీ మూసిన రోజున అలమర ఖాళీ కాదు, తెరిచిన రోజున నిండదు.

గుంటూరు పిల్ల ఫోన్ చేసింది. హ్యూస్టన్‌లో తమ్ముడి దగ్గరికి వెళ్తే అక్కడి మందుల షాపులో మా పాప రకం డబ్బాలు కనబడ్డాయట. మనిషికి మూడే ఇస్తామంటే తనొక మూడు, తమ్ముడొక మూడు, తమ్ముడి భార్య ఇంకో మూడు కొన్నారు. బాబును కూడా మనిషిగా లెక్కపెట్టమని అడిగిందట, వాళ్ళు ఒప్పుకోలేదు. దాదాపు నెలకు సరిపడా డబ్బాలు ఒక్కసారి మా ఇంటికి వచ్చాయి. బాబు బరువు పెరిగిందని కూడా చెప్పింది. అది నేను అడగకముందే చెప్పింది.

జూన్ 18, శనివారం

మిషిగన్‌లో పెద్ద గాలివాన. స్టర్గిస్‌లో వరద నీళ్ళు చేరి ఫ్యాక్టరీ మళ్ళీ ఆగింది. తెరిచి రెండు వారాలైనా కాకముందే. అల్లుడు ఫ్రిజ్ మీది కాగితం అప్పటికే తీసేశాడు, మళ్ళీ కొత్తది రాసి పెట్టాడు.

బ్రిటన్ నుంచి, ఆస్ట్రేలియా నుంచి విమానాలు వస్తున్నాయి. వాటిలో వచ్చేవి ఎక్కువగా మామూలు పాలపొడి. గుంటూరు పిల్లకు ఇప్పుడు ఇబ్బంది లేదు.

జులై 3, ఆదివారం

సామాన్లు సర్దుకుంటున్నాను. ఆరు నెలల గడువు దగ్గరపడింది. పాపకు ఆరో నెల నిండుతోంది. నేను వెళ్ళేలోపే అన్నప్రాశన చేసేయాలని, బియ్యం, పెసరపప్పు వేయించి పొడికొట్టి సీసాలో పోసి పెట్టాను. అన్నం మొదలైంది కదా, ఇక పాలు కొంచెం తగ్గిస్తే డబ్బా నాలుగు రోజులు రాదా అని బిడ్డ అడిగింది. రాదు. ఈ వయసులో అన్నం అలవాటు కోసం. ఎదుగుదల ఇంకా పాల మీదే. ఆ మాట తెలుగులో, ఇంగ్లిషులో రాసి, అల్లుడి కాగితం పక్కనే అంటించాను, రేపు ఆఫీసు హడావుడిలో మర్చిపోకుండా.

స్టర్గిస్‌లో మొన్న, జులై 1న, మళ్ళీ పని మొదలైంది. ప్లేనోలో మాత్రం ఈ వారం కూడా మా పాప డబ్బా ఏ షాపులోనూ లేదు. నిన్న డ్యురాంట్‌లో రెండు దొరికాయి. పాపకు ఏడాది నిండేది జనవరిలో. అప్పటిదాకా నెలకు పది డబ్బాలు కావాలి.